గేటు పడ్డప్పుడు

కాజీపేటల డీజిల్ కాలనీ మలుపుకాడ నా చాయ బండి.
పొద్దు గూకంగ ఇద్దరొస్తరు.
ఇన్నయ్యది ఫాతిమానగర్, రిటైరైన టీసీ.
కొమురెల్లి గేటుమన్ చేసి దిగిండు.
ఒకలకు చక్కెర వద్దు, ఒకలకు రెండు చెంచాలెక్కువ.

పేపర్ ఒక్కటే, చెరో మడత.
మొన్న పింఛన్ల జాబితా మీద మొదలైంది.
"సగం మంది దొంగ వయసు రాయించుకున్నోళ్లే" అని కొమురెల్లి.
"రాయించుకోనీ, ఆకలికి పుట్టిన తేదీ ఉంటదా" అని ఇన్నయ్య.
నిన్న చౌరస్తల కెమెరాల మీద.
రేపు దేని మీదనో తెల్వదు గాని
ఎవలేమంటరో తెలుసు.
జెండాల రంగులు మారినయి,
జిల్లా పేరే రెండు మార్లు మారింది,
వీళ్ల మాట మాత్రం పట్టా మీది చక్రం.

చానా దినాలకు సమజైంది నాకు,
సర్కారు మీది పంచాయితి అడుగున
ఇంకో పాత పంచాయితి ఉన్నదని:
చూసేటోడు లేనప్పుడు
మనిషి ఏం జేస్తడు?

ఇన్నయ్య కండ్లల్ల ఒకడున్నడు.
ఘన్‌పూర్ దాటినంక లెట్రిన్‌ల దొరికిన లుంగీ మనిషి.
ఖాళీ జేబులు తిప్పి చూపెట్టిండట.
జుర్మానా ఇన్నయ్యనే కట్టిండు.
మూడు నెలలకు ప్లాట్‌ఫారం మీదికి
పైసలు, సంచెడు పచ్చి మిరపకాయలు పట్టుకొని
ఎతుక్కుంట వచ్చిండట వాడు.
తప్పించుకపోయిన వేలమంది
ఇన్నయ్య లెక్కల లేరు.
ఆ ఒక్కని సంచిల చెయ్యి వెట్టే
ఇన్నేండ్లు ఓటేసిండు.

కొమురెల్లికి కనుబొమ్మ మీద మచ్చ.
వానకాలం, నడిరాత్రి, గూడ్సు బండి లేటు.
గేటవతల ఆటోల నొప్పులు పడుతున్న ఆడిమనిషి.
తియ్యమన్నరు. తియ్యలే.
రాయొచ్చింది.
"ప్యాంట్లేసుకున్నోళ్లే విసిరిన్రు ఓదెమ్మా,
నౌకర్లు జేసుకునేటోళ్లే.
భయమే గేటు, ఇనుము ఉత్తదే" అంటడు.
ప్రతి ఎలక్షన్‌కు ఆ మచ్చ తడుముకుంటనే
లైన్ల నిలవడ్తడు.

నేను చాయ వడగడ్త.

ఆ ఆటోల ఉన్నది నేనే.
పంతొమ్మిదేండ్ల సంది చెప్పలే.
నాకు యాదికున్నది వేరే:
రాయి విసిరినోడే అంగీ ఇప్పి అడ్డం పట్టిండు.
ఎవలో ముసలామె కొంగు చింపిచ్చింది.
ఎవలో నా చెప్పులెత్కపోయిన్రు,
కొత్తయి, బతుకమ్మకు కొన్నయి.
బండి పోతనే ఉన్నది, డబ్బా మీద డబ్బా,
అది దాటకముందే బిడ్డ ఏడ్సింది.
కందీలు పట్టుకొని వంగిన మొఖానికెళ్లి
నా మోచెయ్యి మీద నెత్తురు చుక్క పడ్డది,
వెచ్చగ.
ఆ కందీలు ముచ్చట కొమురెల్లి ఎన్నడు చెప్పడు.
మరిచిండో,
లెక్కకు పట్టదో.

చెప్దామని నోటిదాక వస్తది.
చెప్తే ఏమైతది, ఓటు మారుతదా?
మారుతదేమోనని సుత భయం.
ఇద్దరు ఒక్కటే మాట మీదికొస్తే
రెండో చాయ ఎవలు తాగుతరు?

నిన్న నన్నే అడిగిన్రు, నువ్వెటు ఓదెమ్మా అని.
చూపెట్టిన.
చిల్లర పళ్లెం బండి మీద తెరిచే ఉంటది,
ఎవల చిల్లర వాళ్లే ఏరుకుంటరు.
మాపటికి ఏడు రూపాలు తక్కువ,
ఒక్కోసారి పదకొండు ఎక్కువ.
గ్యాసు బండకు మాత్రం గొలుసు,
గొలుసుకు తాళం,
తాళంచెవి నా పుస్తెలకాడ.
ఇద్దరు నవ్విన్రు,
ఎవలికి వాళ్లు గెలిసినట్టు.

గేటుకాడ పుట్టిన పిల్లకు
ఈసారి కొత్త ఓటొచ్చింది.
ఎటేస్తవే అంటే
ఫోన్ల నుంచి తలెత్తదు.
పోయే ముందు దానికి ఏం చెప్పాలె,
రాయి ముచ్చటనా, అంగీ ముచ్చటనా,
ఆ చెప్పులదా?
పళ్లెంల చిల్లరోలె
ఇంక ఏరుకుంటనే ఉన్న.